అల్ఫాన్సో డేవీస్: జులైలో కుదిరిన ట్రాన్స్‌ఫర్ జనవరి దాకా ఎందుకు ఆగింది? లెఫ్ట్ బ్యాక్ చేసింది ఎవరు?

గోదారి_వింగర్ అడిగిన ప్రశ్న

కెనడా ఫుట్‌బాలర్ డేవీస్ గురించి తెలుగులో ఏది చదివినా ఒకటే వరస. శరణార్థి శిబిరంలో పుట్టాడు, కెనడాలో పెరిగాడు, జర్మనీ క్లబ్ బయెర్న్ మ్యూనిక్ కొనుక్కుంది, 19 ఏళ్లకే ఛాంపియన్స్ లీగ్ కప్పు ఎత్తాడు. మధ్యలో ఉన్నదంతా గుటుక్కున మింగేస్తారు. తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

ఒప్పందం 2018 జులైలోనే అయిపోయింది కదా, మరి బయెర్న్‌లో చేరింది 2019 జనవరిలో. ఆ ఆర్నెల్లూ పాత క్లబ్ వాంకూవర్‌లోనే ఎందుకున్నాడు? తిరిగి లోన్ మీద (కొన్నాళ్లు ఆడేందుకు అరువుగా) ఇచ్చారా, గాయమా? ఇంకోటి, పుట్టింది ఘానాలో, అమ్మానాన్నలది లైబీరియా, ఆడేది కెనడాకి. మూడు దేశాల్లో దేనికైనా ఆడే వీలుండేదా? చివరిగా, వింగర్‌గా (గీత పక్కనుంచి దాడి చేసేవాడిగా) వెళ్లినవాణ్ని లెఫ్ట్ బ్యాక్‌గా (ఎడమవైపు డిఫెండర్‌గా) మార్చింది అప్పటి బయెర్న్ కోచ్ కోవాచ్ అని కొందరు, అతని తర్వాత వచ్చిన ఫ్లిక్ అని కొందరు వాదించుకుంటున్నారు. ఏది నిజం?

ప్రెస్‌బాక్స్_మూల

ముందు తేదీలు సరిచూసుకుందాం. మిగతా ప్రశ్నలకి జవాబులు చాలావరకు వాటిలోనే ఉన్నాయి.

పుట్టింది 2000 నవంబరు 2న, ఘానాలోని బుడుబురామ్ శిబిరంలో. అక్రాకి పడమరగా ఉంటుంది, లైబీరియా అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ల కోసం 1990లో తెరిచారు. డేవీస్ తల్లిదండ్రులు మన్రోవియా నుంచి వచ్చినవాళ్లు. 2005లో పునరావాస పథకం కింద ఆ కుటుంబాన్ని కెనడా పంపారు. మొదట ఒంటారియోలోని విండ్సర్, ఆ తర్వాత ఎడ్మంటన్.

ఎడ్మంటన్ దగ్గర కొంచెం ఆగాలి. అక్కడ పిల్లాడు క్లబ్‌లో ఆడాలంటే సీజన్ ఫీజు కట్టాలి, బూట్లు, కిట్ కొనాలి, ప్రాక్టీసుకీ మ్యాచ్‌లకీ కారులో దింపే పెద్దవాళ్లుండాలి. ఇంట్లో ఇద్దరూ షిఫ్టుల్లో పనిచేసే కుటుంబాలు ఎక్కువగా తట్టుకోలేనిది ఆ మూడోదే. ‘ఫ్రీ ఫుటీ’ అనే లీగ్ ఈ మూడు అడ్డంకులనీ తీసేసింది. స్కూలు వదిలాక ఆట, ఫీజు లేదు, సామాను వాళ్లదే, బస్సు వాళ్లదే. డేవీస్ అక్కడ కళ్లబడ్డాడు. తర్వాత ఎడ్మంటన్ ఇంటర్నాజ్యోనాలే, ఎడ్మంటన్ స్ట్రైకర్స్ క్లబ్బులు. స్ట్రైకర్స్ కోచ్ నిక్ హుసే తర్వాత అతని ఏజెంటయ్యాడు.

2015లో, 14 ఏళ్లకి, ఎడ్మంటన్ వదిలి వాంకూవర్ వైట్‌క్యాప్స్ అకాడమీకి వెళ్లాడు. రోడ్డు మీద వెయ్యి కిలోమీటర్ల పైమాటే. ఇక 2016 ఒక్క ఏడాదిలో ఎక్కిన మెట్లు చూడండి. ఫిబ్రవరిలో వైట్‌క్యాప్స్ రెండో జట్టుతో యూఎస్ఎల్ (అమెరికాలో కింది స్థాయి లీగ్) ఒప్పందం. వయసు 15 ఏళ్ల 3 నెలలు, అప్పటికి ఆ లీగ్‌లో ఒప్పందం రాసినవాళ్లలో అందరికన్నా చిన్నవాడు. జూన్ 1న కెనడియన్ ఛాంపియన్‌షిప్‌లో ఒటావా ఫ్యూరీ మీద మొదటి జట్టుకి తొలి మ్యాచ్. జులై 15న ఎంఎల్ఎస్ (అమెరికా, కెనడాల అగ్ర లీగ్) ఒప్పందం, మర్నాడే ఓర్లాండో సిటీ మీద లీగ్ అరంగేట్రం. అప్పటికి ఎంఎల్ఎస్‌లో అతనికన్నా చిన్న వయసులో ఆడినవాడు ఫ్రెడ్డీ ఆడూ ఒక్కడే. సెప్టెంబరు 13న కాంకకాఫ్ (ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్) ఛాంపియన్స్ లీగ్‌లో స్పోర్టింగ్ కాన్సాస్ సిటీ మీద సీనియర్ జట్టు తరఫున మొదటి గోల్.

వ్యాసాలన్నీ ఎగరేసే ఏడాది 2017. లీగ్‌లో 26 మ్యాచ్‌లు, గోల్స్ సున్నా. 2016లో ఆడిన 8 కలిపినా సున్నానే. ఎంఎల్ఎస్‌లో మొదటి గోల్ కోసం 2018 మార్చి 4న మాంట్రియల్ మీద మ్యాచ్ దాకా ఆగాల్సొచ్చింది, అంటే మూడో సీజన్ మొదటి మ్యాచ్. కోచ్ కార్ల్ రాబిన్సన్ అతన్ని 2017లో చాలామటుకు సబ్‌స్టిట్యూట్‌గానే దించాడు. ‘వండర్ కిడ్‌ని బెంచీ మీద కూర్చోబెడతారా’ అని అప్పట్లో విసుక్కున్నవాళ్లున్నారు. నా లెక్కలో రాబిన్సన్ చేసిందే సరైన పని. 16 ఏళ్ల ఒంటితో అమెరికా ఖండమంతా విమానాల్లో తిరుగుతూ వారానికి 90 నిమిషాలు పెద్దవాళ్లతో ఢీకొట్టించి ఉంటే తొడ కండరాలు ముందు పోయేవి. 2018లో ఫలితం కనబడింది: 31 మ్యాచ్‌లు, 8 గోల్స్, 11 అసిస్టులు (తోటివాళ్ల గోల్స్‌కి ఇచ్చిన పాస్‌లు). జూన్‌లో ఓర్లాండోని 5-2తో ఓడించిన మ్యాచ్‌లో ఒక గోల్ కొట్టి మూడు కొట్టించాడు. తర్వాత ఆరు వారాలకే బయెర్న్ ప్రకటన.

నిబంధన19

ఆర్నెల్ల ఆలస్యానికి గాయం కారణం కాదు, లోన్ అసలే కాదు. పుట్టినరోజు కారణం.

ఫిఫా ట్రాన్స్‌ఫర్ నిబంధనల్లో 19వ ఆర్టికల్ ప్రకారం 18 నిండని ఆటగాణ్ని ఒక దేశం నుంచి ఇంకో దేశం క్లబ్‌కి మార్చకూడదు. మినహాయింపులు కొన్నే. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి మారడం ఒకటి. యూరోపియన్ యూనియన్, ఈఈఏ (ఈయూతో పాటు నార్వే, ఐస్‌లాండ్ లాంటి దేశాలు) లోపల 16 నుంచి 18 మధ్య మారడం ఇంకొకటి, దానికీ చదువు, వసతి, శిక్షణ చూసుకుంటామని కొత్త క్లబ్ పూచీ పడాలి. సరిహద్దుకి 50 కిలోమీటర్ల లోపు ఉన్న ఇల్లు, క్లబ్ మూడోది. ప్రాణభయంతో దేశం దాటి వచ్చిన పిల్లలకీ, స్టూడెంట్ ఎక్స్ఛేంజ్ మీద వచ్చినవాళ్లకీ వేరే దారులున్నాయి. డేవీస్ కుటుంబం ఎడ్మంటన్‌లోనే ఉంది, చేతిలో ఈయూ పాస్‌పోర్టు లేదు. అంటే డేవీస్‌కి ఒక్కటీ వర్తించదు.

ఇప్పుడు క్యాలెండర్ పెట్టుకోండి. ప్రకటన 2018 జులై 25. జర్మనీలో వేసవి విండో (ఆటగాళ్లని మార్చుకునే గడువు) ఆగస్టు 31న మూత. అతనికి 18 నిండింది నవంబరు 2న. ఆ రోజు విండో మూసి ఉంది, కాబట్టి రిజిస్టర్ చేసుకునే తొలి అవకాశం జనవరి 1. ఈలోపు అతను వైట్‌క్యాప్స్ ఆటగాడే. అక్టోబరు 28న పోర్ట్‌లాండ్ మీద 2-1తో గెలిచిన ఆఖరి మ్యాచ్‌లో రెండు గోల్సూ అతనివే.

క్లబ్బులు ఈ ఆర్టికల్‌ని ఎందుకంత భయంగా చూస్తాయంటే, 2014లో ఇదే కారణంతో బార్సిలోనాకి కొత్త ఆటగాళ్లని నమోదు చేయకుండా రెండు విండోల నిషేధం పడింది. 2016లో రియల్ మాడ్రిడ్, అట్లెటికోల వంతు. ముందుగా సంతకాలు చేయించుకుని పుట్టినరోజు దాకా ఆగడమే పద్ధతి. బ్రెజిల్ కుర్రాళ్లు 18 నిండాకే స్పెయిన్‌లో దిగేది కూడా ఇందుకే.

ఇంకో చిన్న లాభం జర్మనీ ఎంచుకోవడంలో ఉంది. స్పెయిన్ లీగ్‌లో ఈయూ బయటివాళ్లకి జట్టుకి మూడే స్థానాలు. జర్మనీ లీగ్ బుండెస్‌లిగాలో 2006 నుంచి ఆ పరిమితి లేదు, జర్మన్ ఆటగాళ్లు ఇంతమంది, స్థానికంగా తయారైనవాళ్లు ఇంతమంది ఉండాలనే లెక్క మాత్రమే. స్పెయిన్‌లో మూడో స్థానం కోసం పాతికేళ్ల స్టార్‌తో పోటీ పడాల్సిన 18 ఏళ్ల కుర్రాడు అక్కడ ముందు లోన్ మీదే పోతాడు.

రెండు_పాస్‌పోర్టులు

దేశం సంగతి. మన మీడియాలో ‘ఘానా మూలాల ఆటగాడు’ అని రాసేస్తుంటారు, తప్పు. ఘానా నేల మీద పుడితే ఘానా పౌరసత్వం రాదు. తల్లిదండ్రుల్లోనో వాళ్ల తల్లిదండ్రుల్లోనో ఎవరో ఒకరు ఘానా పౌరులై ఉండాలి. డేవీస్ విషయంలో లేరు. ఫిఫాకి ముందు కావలసింది పౌరసత్వం. పుట్టిన ఊరు చూసేది ఆ తర్వాత. కాబట్టి పేరుకి మూడు దేశాలు, లెక్కకి రెండే: తల్లిదండ్రుల వైపు నుంచి లైబీరియా, పెరిగిన కెనడా.

కెనడా కూడా తేలిగ్గా రాలేదు. ఎంఎల్ఎస్‌లో ఏడాది ఆడేసినా చేతిలో కెనడా పాస్‌పోర్టు లేదు. 2017 జూన్ 6న పౌరసత్వం వచ్చింది, అదే రోజు సీనియర్ జట్టుకి పిలుపు. జూన్ 13న మాంట్రియల్‌లో కురసావ్ మీద దిగాడు. అప్పటికి కెనడా పురుషుల జట్టుకి ఆడిన అందరిలోకీ చిన్నవాడు. నెల తిరక్కుండానే గోల్డ్ కప్ (ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ దేశాల కప్): ఫ్రెంచ్ గయానా మీద రెండు, కోస్టారికా మీద ఒకటి, మొత్తం మూడు గోల్స్‌తో టాప్ స్కోరర్, పైగా ఉత్తమ యువ ఆటగాడు. పైన ప్రెస్‌బాక్స్_మూల గారు చెప్పిన ‘సున్నా గోల్స్ ఏడాది’ ఇదే అని గుర్తుంచుకోండి. లీగ్‌లో ఒక్కటీ కొట్టనివాడు దేశానికి రెండు మ్యాచ్‌ల్లో మూడు కొట్టాడు.

గోల్డ్ కప్ ప్రధాన టోర్నీలో ఆడాక ఇక వేరే దేశానికి మారే దారి లేదు. 2020లో ఫిఫా సడలించిన నియమం కూడా 21 ఏళ్ల లోపు మూడు సీనియర్ మ్యాచ్‌లకి మించకుండా ఆడినవాళ్లకే, అదీ ప్రపంచకప్పో ఖండపు కప్పో ఆడకపోతేనే. అదే 2020 సవరణలో పిల్లలుగా వలస వచ్చినవాళ్లకి ఒక మేలు జరిగింది. కొత్త దేశానికి ఆడాలంటే, పదేళ్ల లోపు వచ్చి ఉంటే మూడేళ్ల నివాసం చాలు, పది నుంచి 18 మధ్య వచ్చి ఉంటే ఐదేళ్లు. అంతకుముందు రాతలో 18 నిండాక ఐదేళ్లు ఉండాలని ఉండేది. అంటే ఐదేళ్ల వయసులో వచ్చిన పిల్లాడు కూడా కాగితం మీద 23 దాకా ఆగాలి, లేదా మినహాయింపు అడుక్కోవాలి. అర్థం లేని రూల్, పోయింది, మంచిదైంది.

హైలైన్

లెఫ్ట్ బ్యాక్ గొడవకి వద్దాం. మొదట దించింది నికో కోవాచ్. నిలబెట్టింది హాన్సీ ఫ్లిక్. వాదన అక్కడితో అయిపోవాలి, కానీ ఆ రెండింటి మధ్య జరిగిందే అసలు సరుకు.

2018-19లో డేవీస్ వింగరే. 2019 జనవరి 27న స్టుట్‌గార్ట్ మీద సబ్‌స్టిట్యూట్‌గా తొలి మ్యాచ్, మార్చి 17న మైన్జ్ మీద 6-0లో మొదటి గోల్. బుండెస్‌లిగాలో మొత్తం ఆడినవి ఆరు. మిగతా ఆట రెండో జట్టుతో నాలుగో డివిజన్‌లో. రిబెరీ, రాబెన్‌ల ఆఖరి సీజన్ అది, కోమన్, న్యాబ్రీ కూడా ఉన్నారు. వింగ్‌లో క్యూ పెద్దది.

2019 అక్టోబరులో నాలుగు రోజుల్లో రెండు దెబ్బలు. 19న ఆగ్స్‌బర్గ్ మీద డిఫెండర్ సూలే మోకాలి లిగమెంటు తెగింది, 22న ఒలింపియాకోస్ మీద ఇంకో డిఫెండర్ లూకాస్ హెర్నాండెజ్ చీలమండ పోయింది. లెఫ్ట్ బ్యాక్ అలాబాని సెంటర్ బ్యాక్‌కి (డిఫెన్స్ మధ్యకి) జరపాల్సి వచ్చింది. ఎడమవైపు ఖాళీ. అక్టోబరు 26న యూనియన్ బెర్లిన్ మీద కోవాచ్ డేవీస్‌ని అక్కడ పెట్టాడు.

అద్భుతం వెంటనే జరిగిందనుకుంటే పొరపాటు. మూడు రోజులకి బోఖుమ్‌తో కప్ మ్యాచ్. రెండో డివిజన్ జట్టు, దాని మీద డేవీస్ సెల్ఫ్ గోల్ వేసుకున్నాడు. ఆఖరి పది నిమిషాల్లో న్యాబ్రీ, ముల్లర్ కొట్టి 2-1తో గట్టెక్కించారు. నవంబరు 2న, సరిగ్గా అతని 19వ పుట్టినరోజున, ఫ్రాంక్‌ఫర్ట్ చేతిలో 5-1. తొమ్మిదో నిమిషంలోనే బోటెంగ్‌కి రెడ్ కార్డు పడిన మ్యాచ్ అది. మర్నాడు కోవాచ్ కోచ్ పదవి పోయింది. కొత్త కోచ్ వచ్చిన వారంలో ఈ కుర్రాణ్ని పక్కన పెట్టి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఫ్లిక్ పెట్టలేదు. నవంబరు 9న డార్ట్‌మండ్ మీద 4-0, ఎడమవైపు డేవీసే.

ఎందుకు కుదిరిందంటే, వింగర్‌గా ఉన్నప్పుడు బంతి అందేసరికి అతని ముందు పదీ పదిహేను గజాలే మిగిలేవి, ఎదురుగా ఇద్దరు కాపలా. బయెర్న్ మీద ఆడే జట్లన్నీ వెనక్కి జరిగి గోడ కడతాయి. గోడ ముందు నిలబడ్డవాడికి వేగం ఎందుకు? లెఫ్ట్ బ్యాక్ స్థానంలో బంతి అందితే మొహం ఎదుటి గోల్ వైపు ఉంటుంది, ముందు సగం మైదానం. అతని ముందున్న వింగర్ లోపలికి జరిగి డిఫెండర్‌ని తనతో లాక్కుపోతాడు, గీత పక్కన దారి తెరుచుకుంటుంది. చెల్సీ మీద 2020 ఫిబ్రవరి 25న లెవాండోవ్‌స్కీకి ఇచ్చిన మూడో గోల్ పాస్ ఈ పాఠానికి బొమ్మలాంటిది. ఆగస్టులో బార్సిలోనా మీద 8-2లో సెమెడోని దాటి గోల్ లైన్ దాకా పోయి కిమ్మిచ్‌కి వెనక్కి లాగి ఇచ్చింది ఇంకా తెలిసిందే.

రెండో సగం కారణం డిఫెన్స్‌ది. ఫ్లిక్ డిఫెన్స్ లైన్‌ని దాదాపు మైదానం మధ్య దాకా తోసేవాడు. వెనకాల 40 గజాల ఖాళీ. ఒక్క పొడవాటి బంతి చాలు, కొంప మునుగుతుంది. ఆ ఖాళీలో పరుగెత్తేవాణ్ని వెనకనుంచి వచ్చి పట్టుకోగలవాడు కావాలి. డేవీస్ నిలబడే చోటు తప్పినా కాళ్లు సరిదిద్దేవి. నిజంగానే తప్పేది: దూరపు పోస్ట్ దగ్గర బంతినే చూస్తూ మనిషిని వదిలేయడం, తొందరపడి కాలు చాచడం. కోవిడ్ వల్ల ప్రేక్షకుల్లేకుండా జరిగిన మ్యాచ్‌ల్లో పక్కనే ఉన్న అలాబా అతన్ని ముందుకీ వెనక్కీ అరిచి నడిపించడం టీవీలో వినబడేది. అలాబా అంతకుముందు ఏళ్ల తరబడి ఆడిన స్థానమే అది. అంతకన్నా ట్యూషన్ మాస్టరు ఎక్కడ దొరుకుతాడు?

రెండు ముఖాలూ ఒకే మ్యాచ్‌లో చూడాలంటే 2020 జూన్ 16, వెర్డర్ బ్రెమెన్ మీద. గంటకి 36.51 కిలోమీటర్ల వేగం నమోదైంది అందులోనే, రెండో ఎల్లో కార్డుతో 79వ నిమిషంలో బయటికి పోయింది కూడా అందులోనే. బయెర్న్ 1-0తో గెలిచి టైటిల్ ఖాయం చేసుకుంది. ఇక హెర్నాండెజ్, 8 కోట్ల యూరోలు పోసి తెచ్చినవాడు, కోలుకుని వచ్చేసరికి ఎడమవైపు చోటు లేదు.

గోదారి_వింగర్

అందరికీ నెనర్లు, ముఖ్యంగా ఆ బోఖుమ్ సెల్ఫ్ గోల్ సంగతికి. ఇంకో రెండు ముక్కలు. వాంకూవర్‌కి 1.35 కోట్ల డాలర్లు ముట్టాయంటారు, ఎడ్మంటన్ చిన్న క్లబ్బులకి అందులో వాటా ఉంటుందా? మన తెలుగువాళ్లు ఉద్యోగాల మీద జర్మనీ, కెనడా వెళ్తున్నారు కదా, వాళ్ల పిల్లలకి ఈ 19వ ఆర్టికల్ అడ్డమా?

నిబంధన19

1.35 కోట్లు ఖాయపు మొత్తం. ఆట, విజయాలు చూసి ఇచ్చే అదనాలు కలిపితే 2.2 కోట్ల దాకా పోతుందన్నారు. అప్పటికి ఎంఎల్ఎస్ రికార్డు.

వాటా ఫిఫా లెక్కలో ఇలా: దేశం దాటిన ప్రతి ట్రాన్స్‌ఫర్‌లో 5 శాతం పక్కకి తీస్తారు, 12వ పుట్టినరోజు సీజన్ నుంచి 23వది దాకా శిక్షణ ఇచ్చిన క్లబ్బుల మధ్య పంచడానికి. మొదటి నాలుగు సీజన్లకి ఫీజులో 0.25 శాతం చొప్పున, తర్వాతి ఎనిమిదికి 0.5 శాతం చొప్పున. 1.35 కోట్ల మీద 5 శాతం 6,75,000 డాలర్లు. 12, 13, 14 ఏళ్ల మూడు సీజన్లు ఎడ్మంటన్‌వి అనుకుంటే సీజన్‌కి 33,750, మొత్తం 1,01,250. ఇది సూత్రం చెప్పే అంకె. వచ్చిందా అనేది వేరే సంగతి, ఎందుకంటే అప్పట్లో క్లబ్బే అడగాలి, అదీ రెండేళ్ల లోపు, ఆటగాడి రిజిస్ట్రేషన్ చరిత్ర చూపించి. చిన్న క్లబ్బులు ఓడేది ఇక్కడే. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా మన దగ్గర నమోదై ఉన్నాడో కాగితం ఉండదు. 2022 నవంబరులో ఫిఫా క్లియరింగ్ హౌస్ మొదలయ్యాక లెక్క దానంతటదే వెళ్తోంది, కానీ ఆ రిజిస్ట్రేషన్ ఎలక్ట్రానిక్‌గా ఉంటేనే.

పిల్లల సంగతి: అమ్మానాన్నలు ఉద్యోగం మీద వెళ్తే అడ్డం కాదు, పని మాత్రం ఉంటుంది. పదేళ్లు దాటిన విదేశీ పిల్లాణ్ని క్లబ్ నమోదు చేయాలంటే మినహాయింపు చూపాలి. తల్లి లేదా తండ్రి ఉద్యోగ ఒప్పందం, నివాస అనుమతి, పిల్లాడి జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు సిద్ధంగా ఉంచుకోండి. దరఖాస్తు మీరు పంపేది కాదు, ఆ దేశపు ఫుట్‌బాల్ సంఘం ఫిఫా సిస్టమ్‌లో పెడుతుంది. చాలా దేశాల సంఘాలకి అమెచ్యూర్ క్లబ్బుల వరకు తామే తేల్చే అనుమతి ఉంటుంది. తిరస్కారం వచ్చేది ఎక్కువగా తేదీల దగ్గర: క్లబ్ ట్రయల్ ముందు జరిగి, నాన్న ఉద్యోగం తర్వాత దొరికితే ఫుట్‌బాల్ కోసమే మారారని అనుమానిస్తారు. ఒప్పందం తేదీ ముందుండాలి. ఇక పిల్లాడు అక్కడ వరసగా ఐదేళ్లు ఉండి, మొదటిసారి నమోదవుతుంటే దారి వేరే, ఇంకా సులువు.

రెండు_పాస్‌పోర్టులు

దానికి తోక. అక్కడ పౌరసత్వం తీసుకున్న పిల్లాడికి ఓసీఐ కార్డు ఉన్నంత మాత్రాన భారత్‌కి ఆడే వీలు లేదు. భారత పాస్‌పోర్టు కావాలి, మన దగ్గర రెండు పౌరసత్వాలు కుదరవు. జపాన్‌లో పుట్టిన అరాటా ఇజుమి ఆ పాస్‌పోర్టు వదులుకున్నాకే 2013లో భారత్ చొక్కా వేసుకున్నాడు. ఇది 17 ఏళ్లకి తేల్చుకునే నిర్ణయం కాదు. జర్మన్ పాస్‌పోర్టు పోతే యూరప్ క్లబ్బుల్లో ఈయూ ఆటగాడి హోదా కూడా పోతుంది, పైన చెప్పిన స్పెయిన్ మూడు స్థానాల లెక్క అప్పుడు మీ పిల్లాడికీ వర్తిస్తుంది.